ఇరవై మూడో నంబరు

ఖమ్మం,
10 జూలై 2005

ఏమే పుష్పలతా,

బి.ఎడ్. హాస్టల్లో ఏడాది పాటు నా పక్క మంచం మీద పడుకుని, నా కొబ్బరినూనె అంతా నీ జడకే పట్టించి, ఉద్యోగం రాగానే అడవిలోకి మాయమైపోయిన మనిషివి నువ్వు. నాలుగేళ్లలో రాసింది మూడు కార్డులు. ఇప్పుడు నీతో పని పడింది కనుక నేనే రాస్తున్నాను. నాకేం సిగ్గు లేదు.

పనేమిటంటే, నా పీహెచ్‌డీకి అంశం ఖాయమైంది. ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆడపిల్లల మానసిక క్షేమం, వాళ్లకు అందుతున్న కౌన్సెలింగ్. ఈ మాట వినగానే మా అమ్మ అంతోనమ్మ, "పిల్లలు సంతోషంగ ఉన్నరా లేదా అని అడగనీకి అయిదేండ్లు సదువాల్నా? నన్ను పంపు, పొద్దుగూకేసరికి తెలుసుకొనొస్త" అన్నది. మా గైడు బెంజమిన్ గారికి ఆ సంగతి చెప్పలేదు.

ముప్పై ప్రశ్నల ఫారం ఒకటి తయారు చేశాను. ఇరవై అయిదింటికి అవును, కాదు, చెప్పలేను అనే గళ్లలో టిక్కు పెట్టాలి. చివరి అయిదింటికి సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయాలి. తర్వాత నేను వచ్చి కొన్ని రోజులు పిల్లలతో కూర్చుంటాను. ఆరు నెలలకు మళ్లీ అవే ప్రశ్నలు అడిగి, అప్పటికీ ఇప్పటికీ తేడా వచ్చిందా అని చూస్తాను. పిల్లలు భయపడకుండా రాయాలంటే పేర్లు ఉండకూడదని గైడు గారి పట్టు. రోల్ నంబరు మాత్రమే.

నీ ఎనిమిదో తరగతిలో ఎందరున్నారో రాయి. మా తల్లివి కదూ.

నీ నూనె సీసా,
ఫ్లోరెన్స్


తునికిమడుగు, వయా దుమ్ముగూడెం,
19 జూలై 2005

ఫ్లోరెన్సు దొరసానికి,

నలభై ఒకరు. ఒకటి నుంచి నలభై ఒకటి. పేర్లు లేకుండా ఒప్పచెప్పడం మా సంతలో మేకలకు కూడా లేదు, అయినా నీ చదువు నీది.

ఇక్కడ వారం నుంచి వాన. వాగు పొంగితే బస్సు రాదు, బస్సు రాకపోతే కూరగాయలు రావు, కూరగాయలు రాకపోతే పిల్లలు నా ముఖం చూస్తారు. తరగతి టీచరునే కాదు, హాస్టల్ వార్డెన్ డ్యూటీ కూడా నాదే. రెండు వందల మంది పిల్లలు, ఒక ఆయా సోమ్లి, మందుల బీరువా, దాని తాళంచెవి, ఆరోగ్య రిజిస్టరు అన్నీ నా నడుముకే వేలాడుతున్నాయి. మా హెడ్మాస్టరు ధన్‌సింగ్ సార్ మంచివాడే. మంచివాడు కాబట్టే పనులన్నీ నాకు చెబుతాడు.

పిల్లలు నాలాంటి వాళ్లే. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. నేను వాళ్ల వయసులో నోరెత్తేదాన్ని కాదు, వీళ్లు అట్లా కాదు. జంపక్క అని ఒకతె ఉంది. నా నడక, నా దగ్గు, నేను చాక్‌పీసు విరిచే తీరు అన్నీ దించేస్తుంది. నిన్న తలుపు వెనక నిలబడి చూశాను. హాజరు పట్టీ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, అచ్చం నా గొంతుతో, "ఏందే, ప్రెజెంట్ అననీకి నోరు రాదా?" అని అరుస్తోంది. నేను "ప్రెజెంట్ టీచర్" అంటూ లోపలికి వెళ్లాను. తరగతి తరగతంతా బల్లల కిందికి దూరింది. నాకు నవ్వు ఆగక మళ్లీ వరండాలోకి వచ్చేశాను.

అదీ మా మానసిక క్షేమం. రాసుకో.

పుష్పలత


ఖమ్మం,
27 ఆగస్టు 2005

పుష్పా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. గోదావరిలో కొట్టుకుపోయావా, లేక పెళ్లి గిళ్లి చేసుకున్నావా?

ఫారాలు నలభై ఒకటీ ఈ కట్టలో ఉన్నాయి. ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో నంబరు వేసింది నేనే. నంబర్ల ప్రకారం ఎవరి చోట వాళ్లకు పెట్టు. పెట్టాక నువ్వు గదిలో ఉండొద్దు. గంటసేపు వరండాలో నిలబడు. పిల్లలే ఫారాలు పోగుచేసి కవరులో పెట్టి జిగురు అంటించి నీ చేతికి ఇవ్వాలి. నువ్వు మాత్రం తెరవకూడదు, ఒక్కటి కూడా చదవకూడదు. టీచరు చదువుతుందంటే టీచరుకు నచ్చేదే రాస్తారు. ఇది నేను పెట్టిన రూలు, బెంజమిన్ గారు కూడా మెచ్చుకున్నారు. ఒట్టు పెట్టు.

మీ జంపక్క ఎలా ఉంది? నేను వచ్చినప్పుడు నా నడక కూడా దించి చూపించమను. నా నడక ఎవరికీ రాదని నాకు గర్వం.

ఫ్లోరెన్స్


తునికిమడుగు,
9 సెప్టెంబరు 2005

ఫ్లోరెన్స్‌కు,

ఫారాలు అందాయి. బుధవారం మూడో పీరియడులో ఇచ్చాను. నంబర్ల ప్రకారం బల్లల మీద పెట్టాను. గంటసేపు వరండాలో నిలబడ్డాను. వాన లేదు. కవరు అంటించి ఇచ్చారు. తెరవలేదు. ఇవాళ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఆగస్టు పదహారు నుంచి ఇవాళ్టి దాకా హాస్టల్లో ఎవరికీ జ్వరం లేదు. ఆరోగ్య రిజిస్టరులో రోజూ 'నిల్' అని రాస్తున్నాను. ధన్‌సింగ్ సార్ సంతోషించారు.

నేను బాగున్నాను. అన్నం తింటున్నాను. నిద్ర పడుతోంది.

పుష్పలత


ఖమ్మం,
25 సెప్టెంబరు 2005

పుష్పా,

నీ ఉత్తరం జిల్లా ఆఫీసు సర్క్యులర్ లాగా ఉంది. కింద మెమో నంబరు ఒక్కటే తక్కువ. నా మీద కోపమా? ఉంటే తిట్టు, ఈ మర్యాద మాత్రం నేను భరించలేను.

సరే, ఫారాల సంగతి. మొదట నంబర్ల వరుసే తప్పించారు మీ పిల్లలు. ఇరవై మూడు అన్నిటికన్నా పైన ఉంది, దాని కింద ఒకటి, రెండు, మూడు. కసురుకుంటూ సర్దుకున్నాను. చదివితే మతి పోయింది. నలభై మంది ఒకేలా రాశారు. అన్నం బాగుందా? అవును. భయం వేస్తుందా? కాదు. ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తావా? కాదు. నీకు బాగా ఇష్టమైన సమయం? "చదువుకునే సమయం." వీళ్లెవరికీ జ్వరం కూడా రాదట. మీ బడి పరలోక రాజ్యంలా ఉంది, మా పాస్టరు గారిని పంపిస్తాను.

ఒక్క ఇరవై మూడు తప్ప! ఆ ఒక్క ఫారం కోసం నా పీహెచ్‌డీ అంతా ఇచ్చేయొచ్చు. భయం వేస్తుందా అంటే అవును. రాత్రి నిద్ర పడుతుందా అంటే కాదు. ఇష్టమైన సమయం ఏదంటే, "టీచర్ నవ్వినప్పుడు. ఇప్పుడు నవ్వుతలేదు." ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలని ఉందంటే, "నాయనా, వచ్చి తీస్కపో." ఇప్పుడు నీకేం కావాలంటే, "దుప్పటి. చలి పెడుతుంది." సెప్టెంబరులో దుప్పటి ఏమిటే?

చేతివ్రాత కూడా నిలకడగా లేదు. ఒక లైను నీలం పెన్ను, ఒక లైను నలుపు, ఒకటి పెన్సిల్. ఒకచోట అక్షరాలు పడుకుంటాయి, ఒకచోట నిటారుగా ఉంటాయి. మనసు బాగా కలతపడిన పిల్లల రాత ఇట్లాగే ఉంటుందని బెంజమిన్ గారు అన్నారు.

ఇరవై ఎనిమిదో ప్రశ్నకూ, ముప్పయ్యో ప్రశ్నకూ ఆ పిల్ల రాసిన జవాబులు మాత్రం నీకు రాయడం లేదు. వచ్చినప్పుడు ముఖాముఖి చెబుతాను. ఈలోగా ఆ పిల్లను ఒంటరిగా వదలొద్దు. దగ్గర కూర్చోబెట్టుకో. ఎవరే ఆ పిల్ల?

ఫ్లోరెన్స్


తునికిమడుగు,
6 అక్టోబరు 2005

ఫ్లోరెన్స్‌కు,

నువ్వు అడిగిన ఇరవై మూడో నంబరు విద్యార్థిని ప్రస్తుతం బడిలో లేదు. ఆ ఫారం పక్కన పెట్టు. మిగతావి నీ పనికి సరిపోతాయి.

దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్తున్నారు. మా అమ్మ రమ్మని కబురు పంపింది. వెళ్లాలనీ లేదు, వద్దనీ లేదు. ఇక్కడే ఉంటాను.

రిజిస్టరులో నిల్.

పుష్పలత


ఖమ్మం,
19 అక్టోబరు 2005

పుష్పలతా,

బడిలో లేదంటే ఏమిటి? పెళ్లి చేసేశారా? పారిపోయిందా? సెప్టెంబరు ఏడున ఫారం నింపిన పిల్ల అక్టోబరు ఆరుకు ఎక్కడికి పోయింది? "పక్కన పెట్టు" అని ఎంత తేలిగ్గా రాశావు! ఇట్లా రాసే మనిషివి కాదే నువ్వు. హాస్టల్లో మెస్సు పిల్లికి కాలు విరిగితే మూడు రోజులు అన్నం మానేసినదానివి.

రాయకూడదనుకున్నాను. నీ ఉత్తరం చూశాక ఒళ్లు మండి రాస్తున్నాను. ఇరవై ఎనిమిదో ప్రశ్న ఇది: "ఒంట్లో బాగాలేనప్పుడు మొదట ఎవరికి చెబుతావు?" ఆ పిల్ల జవాబు: "పుష్పలత టీచర్‌కు చెప్పిన. రెండుసార్లు చెప్పిన."

నీ పేరు రాసింది పుష్పా. నిన్నే నమ్ముకుంది. ఆ పిల్లకు ఏదన్నా అయితే ఆ తర్వాత నువ్వు ఎన్ని రిజిస్టర్లు రాసినా ఏం లాభం? నవంబరు పన్నెండు శనివారం నేను వస్తున్నాను. ఆ పిల్ల ఏ ఊళ్లో ఉందో కనుక్కుని పెట్టు. బస్సు లేకపోతే నడిచి వెళ్తాను.

ఫ్లోరెన్స్


తునికిమడుగు,
30 అక్టోబరు 2005

ఫ్లోరెన్స్,

ఇరవై మూడో నంబరు జంపక్క. ఆగస్టు పదిహేనున చనిపోయింది. నువ్వు పంపిన ఫారం నిండేనాటికి ఆ పిల్ల పోయి మూడు వారాలు దాటింది.

ఆగస్టు పద్నాలుగు ఆదివారం. మర్నాటి జెండా పండుగకు గ్రౌండులో డ్రిల్లు చేయిస్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి జంపక్క వరుసలోంచి వచ్చి, "టీచర్, చలి పెడుతుంది" అంది. ఎండ మండిపోతోంది. పళ్లు టకటకలాడిస్తూ, భుజాలు ముడుచుకుని వణికింది. నా దగ్గు దించే పిల్ల, నా నడక దించే పిల్ల. డ్రిల్లు ఎగ్గొట్టడానికి జ్వరాన్ని కూడా దించుతోందనుకున్నాను. ఎంత బాగా చేస్తోందో అనిపించి నవ్వాను. వరుసలోకి పొమ్మన్నాను. వెళ్లి నిలబడింది.

అయిదింటికి మళ్లీ వచ్చింది. ఈసారి వణకడం లేదు. "టీచర్, జ్వరమొచ్చింది" అంది. నేను రంగు కాగితాల తోరణాలు అంటిస్తున్నాను. చేతుల నిండా జిగురు ఉంది కాబట్టి నుదురు ముట్టుకోలేదు. "పోయి పండుకో, రేపు జెండా అయినంక చూద్దాం" అన్నాను. మాత్రలు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా నడుముకే ఉంది.

పొద్దున జెండా ఎగరేశాక చాక్లెట్లు పంచుతుంటే సోమ్లి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ పోరి పలుకుతలేదు" అంది. మండలాఫీసు జీపులో వేసుకుని బయలుదేరాం. భద్రాచలం చేరకముందే నా ఒళ్లోనే పోయింది. మెదడుకెక్కిన మలేరియా అన్నారు.

బడికి తిరిగి వచ్చేసరికి పులిహోర మిగిలి ఉంది. తిన్నాను. రెండోసారి పెట్టించుకుని తిన్నాను. మూడో రోజు వాళ్ల నాయన పెట్టె, పళ్లెం తీసుకుపోవడానికి వచ్చాడు. "వస్తువులు అందినట్టు సంతకం పెట్టండి" అన్నాను. వేలిముద్ర వేశాడు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కడుపులో ఏదో రాయి ఉందని రాస్తే బాగుంటుంది కానీ అట్లాంటిదేమీ లేదు. ఏమీ లేదు, అంతే.

ధన్‌సింగ్ సార్ అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పాటింపజేసి నన్ను పక్కకు పిలిచారు. "పిల్లలు భయపడతరు పుష్పలతా, ఆ మాట మళ్ల ఎత్తకు" అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నాకూ అదే హాయిగా అనిపించింది. ఆ మౌనమే ఇప్పటికీ నడుస్తోంది.

హాజరు పట్టీలో నంబర్లు సంవత్సరం మధ్యలో మార్చకూడదు. వెళ్లిపోయిన పిల్లలకు ఎదురుగా 'టి.సి.' అని రాస్తాం. చనిపోయిన పిల్లకు ఏం రాయాలో సార్‌కూ తెలియదు. ఇరవై రెండు అని పిలిచి, ఒక్క క్షణం ఆగి, ఇరవై నాలుగుకు పోతాను. ఆ ఆగినప్పుడు ఎవరో ఒకరు "ప్రెజెంట్" అంటారు. రోజూ ఒకే గొంతు కాదు. నేను తలెత్తను. టిక్కు పెడతాను. అది తప్పని తెలుసు.

నీ ఫారాల కట్టలో ఇరవై మూడు కనబడినప్పుడు తీసేయాల్సింది. నంబర్ల ప్రకారం పెట్టమన్నావు. ఖాళీ చోట పెట్టి బయటికి వెళ్లాను. లోపల వాళ్లేం చేశారో నేను చూడలేదు, కానీ నువ్వు చేతివ్రాత గురించి రాయగానే తెలిసింది. కలత పడిన రాత కాదు ఫ్లోరెన్స్. ఒక్కో జవాబు ఒక్కొక్కరు రాశారు.

తమ ఫారాల్లో వాళ్లు నిజం ఎందుకు రాయలేదని అడుగుతావేమో. ఇన్‌స్పెక్షన్‌కు అధికారులు వచ్చి "అన్నం బాగుందా?" అంటే, "బాగుంది సార్" అని ఒక్క గొంతుతో చెప్పడం వాళ్లకు నేనే నేర్పాను. జూన్‌లో మొదటి వారమంతా అదే నేర్పిస్తాను. జంపక్కను ఇక ఎవరూ ఏమీ అనలేరు కాబట్టి ఆ పిల్ల పేరు మీద చెప్పుకున్నారు.

ఇది రాస్తుంటే కూడా నాకేమీ అనిపించడం లేదు. అది కూడా నీ పరిశోధనకు పనికొస్తే వాడుకో.

పుష్పలత


ఖమ్మం,
8 నవంబరు 2005

పుష్పా,

జంపక్క ఎలా ఉందని అడిగాను నేను. నా నడక దించమను అని రాశాను. ఆ ఉత్తరం నీ చేతికి అందినప్పుడు నువ్వు ఎట్లా చదివి ఉంటావో తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యంగా ఉంది. క్షమించు.

బెంజమిన్ గారికి చెప్పాను. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "చనిపోయిన విద్యార్థిని డేటాలో ఉండకూడదు, ఆ ఒక్కటి తీసేయండి" అన్నారు. "ఆ ఒక్కటి ఉంచి నలభై తీసేయాలి సార్" అన్నాను. "అట్ల పీహెచ్‌డీ రాదు ఫ్లోరెన్స్, మళ్ల మొదటి నుంచి చెయ్యాలె. ఇంకో రెండేండ్లు పడుతది" అన్నారు. పడనివ్వండి అన్నాను. నలభై ఫారాలూ పాత పెట్టెలో పడేశాను.

నీ తప్పేమీ లేదని నేను రాయను. రాసినా నువ్వు నమ్మవు. నుదురు మీద చెయ్యి పెట్టాల్సింది, పెట్టలేదు. కానీ నువ్వంటే నాకున్న ఇష్టం వెంట్రుకవాసి తగ్గలేదు. ఆ పిల్లలకూ తగ్గలేదు. తగ్గి ఉంటే ఆ ఫారం రాసేవాళ్లు కాదు.

ఎందుకంటే అది నాకు రాసింది కాదే. నేనెవరో వాళ్లకు తెలియదు. జిగురు అంటించినా నువ్వు కవరు విప్పి ఫారాలు లెక్కపెడతావనీ, అన్నిటికన్నా పైన ఉన్నది ముందు చూస్తావనీ అనుకున్నారు. అందుకే ఇరవై మూడును పైన పెట్టారు. నేనేమో వరుస తప్పించారని కసురుకున్నాను. తెరవకూడదని ఒట్టు పెట్టించుకున్నది కూడా నేనే. ఆ రూలు మీద ఎంత మురిసిపోయానో! ఆ రూలు లేకపోతే నువ్వు ఆ బుధవారమే చదివేదానివి. నీకు రాసిన ఉత్తరాన్ని రెండు నెలలు నా బల్ల మీద పెట్టుకున్నాను. ఇప్పుడు పంపుతున్నాను. ముప్పయ్యో జవాబు నేను రాయను, నువ్వే చదువుకో.

ఇంకొకటి. ఇది కౌన్సెలరుగా రాయడం లేదు, భయంతో రాస్తున్నాను. ఇరవై ఎనిమిదో ప్రశ్నకు మిగతా నలభై మందీ రాసిన జవాబు ఒకటే: "నాకు జ్వరం రాదు." మంచి ఆరోగ్యం అని గ్రాఫు గీశాను. నువ్వు నిల్ అని రాశావు. వానాకాలం, మీ అడవి, మీ దోమలు, రెండు వందల మంది ఆడపిల్లలు! మూడు నెలలుగా ఒక్కరికీ జ్వరం రాలేదంటే ఎట్లా నమ్మామే మనం? వస్తోంది పుష్పా. చెప్పడం మానేశారు. చెబితే ఏం జరుగుతుందో ఒకసారి చూశారు కదా.

పన్నెండున నేను రావడం లేదు. ఇది నువ్వు చేయాల్సిన పని. చేశాక రమ్మను, పరుగెత్తుకొస్తాను.

మా అమ్మకు చెబితే, "ఆ బిడ్డ పేరేంది?" అని అడిగింది. చెప్పాను. "అవ్, గట్ల పేరు చెప్పు. నంబరు చెప్తే ఎవరి కోసమని ప్రార్థన చెయ్యాలె?" అన్నది.

ఫ్లోరెన్స్


తునికిమడుగు,
23 నవంబరు 2005

ఫ్లోరా,

నీ కవరు పద్నాలుగున అందింది. రెండు రోజులు మందుల బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడో రోజు తీసి చదివాను. ఏ జవాబు ఎవరిదో రాత చూడగానే తెలిసిపోయింది. పేర్లు తీసేస్తే టీచరుకు తెలియదని ఏ గైడు చెప్పాడు నీకు? పెన్సిల్‌తో రాసింది ముత్తక్క. ముప్పయ్యో ప్రశ్న, "మీ టీచరుకు ఏమైనా చెప్పాలని ఉందా?" దానికి జవాబు కూడా ముత్తక్కదే. "నా పేరు పిలువు టీచర్."

మర్నాడు హాజరు నంబర్లతో పిలవలేదు. పేర్లతో పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇరవై రెండు పేర్లయ్యాక "జంపక్క" అన్నాను. ఎవరూ పలకలేదు. ఆగస్టు తర్వాత ఆ చోట ఎవరూ పలకకపోవడం అదే మొదటిసారి.

"జంపక్క చచ్చిపోయింది" అన్నాను. "జ్వరమొచ్చిందని నాకు రెండుసార్లు చెప్పింది. నేను నమ్మలే. డ్రిల్లు ఎగ్గొడుతుందనుకున్న. తప్పు నాది." ముందు తెలుగులో చెప్పి, మళ్లీ కోయలో చెప్పాను. బడిలో కోయ మాట్లాడితే నేనే కసిరేదాన్ని. ధన్‌సింగ్ సార్ వరండాలో నిలబడి విన్నారు. లోపలికి రాలేదు, వద్దని కూడా అనలేదు.

ఎవరూ ఏడవలేదు. ముత్తక్క లేచి, "టీచర్, జీపుల గూడ చలి పెట్టిందా ఆమెకు?" అని అడిగింది. "అవ్, పెట్టింది. నా కొంగు కప్పిన" అన్నాను. కూర్చుంది. తర్వాత లెక్కల పీరియడు అయింది. లెక్కలు చెప్పాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఎవరూ నా దగ్గరికి రాలేదు. బీరువా తెరిచి పెట్టుకుని దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిల్ అని రాయడానికి చెయ్యి రాలేదు. గడి ఖాళీగా వదిలేశాను. ఇక ఎప్పటికీ చెప్పరేమో అనుకున్నాను. ఆ అనుకోవడంలో భయం ఉంది ఫ్లోరా. మూడు నెలల తర్వాత నాకు అనిపించిన మొదటి సంగతి ఆ భయమే.

నిన్న మంగళవారం పొద్దున హాజరు పిలుస్తున్నాను. "ముత్తక్క" అన్నాను. లేచి నిలబడింది.

"ప్రెజెంటే టీచర్. గని జ్వరమొచ్చింది."

తరగతి అంతా నా వైపు తిరిగింది. నేనేం చేస్తానో చూస్తున్నారు. పట్టీ కింద పెట్టి వెళ్లి నుదురు మీద చెయ్యి వేశాను. కాలుతోంది. తీయబుద్ధి కాక చెయ్యి అట్లాగే ఉంచాను. వెనక బల్లల్లోంచి ఇంకొకతె లేచింది. తర్వాత ఇద్దరు. మొత్తం ఏడుగురు. ఒకతెకు నాలుగు రోజుల నుంచి ఉందట. దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకుంటోందట, వణుకు నాకు వినబడకుండా.

ధన్‌సింగ్ సార్ తనే పోయి జీపు మాట్లాడుకొచ్చారు. ఏడుగుర్నీ ఎక్కించుకుని దుమ్ముగూడెం దవాఖానాకు పోయాను. రక్తం తీసి చూశారు. అయిదుగురికి మలేరియా. ముత్తక్కకు ఎక్కువగానే ఉంది కానీ సమయానికి తెచ్చారన్నారు. మాత్రలు నా చేత్తో వేశాను. ఒక్కొక్కరు మింగేదాకా నోరు చూశాను. ఇవాళ వాళ్లు నా గదిలో పడుకున్నారు, ముగ్గురు మంచం మీద, నలుగురు చాప మీద. ముత్తక్క గంజి తాగింది.

రిజిస్టరులో ఏడు పేర్లు రాశాను. వెనక్కి పేజీలు తిప్పి, ఆగస్టు పద్నాలుగు గడిలో జంపక్క పేరు రాశాను. ఆ రోజు అక్కడ కూడా నిల్ అనే రాసి ఉంది. కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఎవరు అడిగినా చూపిస్తాను.

నువ్వు వస్తానన్నావు కదా, రా. నీ ఫారం మాత్రం తేకు.

దవాఖానాలో జరిగింది ఒకటి చెప్పి ఆపుతాను. ఏడుగురికీ చీటీలు రాసి ఇస్తూ అక్కడి నర్సు నా ముఖం చూసింది. "టీచరమ్మా, మీరు మంచిగనే ఉన్నరా?" అని అడిగింది. పిల్లలు ఏడుగురూ బెంచీ మీద కూర్చుని నా వైపు చూస్తున్నారు. జూన్‌లో నేను నేర్పిన మాటే నోటి దాకా వచ్చింది.

"లేను" అన్నాను. అక్కడే బెంచీ మీద, వాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను.

నీ
పుష్ప